మార్చి పన్నెండు

మా లోయలో చలికాలపు విందు ఫిబ్రవరి మొదటి శనివారం. పులిసిన సొరచేప ముక్కలు, కాల్చిన గొర్రె తలకాయలు, గొంతు మండే సారా అన్నీ ఉంటాయి గానీ జనం వాటి కోసం రారు. పోయిన ఏడాది ఎవరు ఏ తెలివితక్కువ పని చేశారో నెలనెలా వరసగా చదివి, వేషాలు కట్టి ఆడతారు. దాని కోసం వస్తారు. అందులో పేరొస్తే ఆ సాయంత్రం చెవులు ఎర్రబడతాయి. రాకపోతే, నేనసలు ఈ లోయలో ఉన్నానా అని ఏడాదంతా అనుమానం పీడిస్తుంది. ఉత్తర ఐస్‌లాండ్ చలిలో ఇంతమందిమి ఒకరినొకరం భరించుకుంటూ బతుకుతున్నామంటే ఆ ఒక్క సాయంత్రం చలవే అని నా నమ్మకం.

ఏడాది కబుర్లు రాయడానికి ప్రతిసారీ కొత్త కమిటీ వేస్తారు. ఈసారి అయిదుగురిలో హాల్బెరా పేరు పడింది. హాల్బెరా పాల లారీ నడుపుతుంది. పంతొమ్మిదేళ్ళుగా రోజు విడిచి రోజు లోయలోని పద్నాలుగు దొడ్లకీ వెళ్ళి, తొట్లలో పాలు లారీలోకి లాగి, కనుమ దాటి పాల కేంద్రంలో పోసి వస్తుంది. విందు ఇంక రెండు రోజులుందనగా, గురువారం మధ్యాహ్నం, బడి పంతులమ్మ స్వావా ఫోన్ చేసింది. ఈసారి కమిటీకి ఆవిడే పెద్ద.

"నీ పుస్తకాలు తియ్యి," అంది స్వావా.

"ఏం పుస్తకాలు?"

"లారీలో రాస్తావుగా. నీకు తెలిసింది ఈ లోయలో పాస్టరుకి కూడా తెలీదు."

"నేను రాసేది గాలి, మంచు, ఎన్ని లీటర్లు. అందులో నవ్వడానికేముంది?"

"చదవడం మొదలుపెట్టు, నవ్వు అదే వస్తుంది. మార్చికి మాత్రం బెంగలేదు. స్టుర్లా కుళాయి ఉండనే ఉంది. కింది దొడ్డి బాల్దుర్ అప్పుడే వేషం కూడా సిద్ధం చేసుకున్నాడు."

స్టుర్లా కుళాయి సంగతి తెలియనివాళ్ళు లోయలో లేరు. తొట్టి ఖాళీ చేశాక దాన్ని కడిగే యంత్రం నొక్కి వెళ్ళడం డ్రైవరు పని. కడిగిన నీళ్ళు పోవడానికి తొట్టి అడుగున కుళాయి తెరిచే ఉంచాలి. అందుకని డ్రైవరు పక్కన మేకుకి వేలాడే ఎర్ర బిళ్ళ తీసి, పాలు పితికే యంత్రం స్విచ్చికి తగిలిస్తుంది. సాయంత్రం రైతు స్విచ్చి వేయబోతాడు, బిళ్ళ అడ్డం వస్తుంది, వెళ్ళి కుళాయి కట్టి, బిళ్ళని మళ్ళీ మేకుకి వేలాడదీసి, అప్పుడు పాలు పితుకుతాడు. పోయిన మార్చిలో స్టుర్లా కుళాయి కట్టకుండానే పితికాడు. ఇరవై నాలుగు ఆవుల పాలు, మూడు వందల లీటర్లు, ఒక పక్కనుంచి తొట్టిలో పడుతూ ఇంకో పక్కనుంచి కాలవలోకి పోయాయి. మర్నాడు పొద్దున మూత ఎత్తి చూస్తే తొట్టి అడుగు తళతళలాడుతోంది. కింది దొడ్డి వాళ్ళు వాగు తెల్లగా పారుతోందని ఫోన్ చేశారు.

బిళ్ళ లేదు అని ఆయన ఒకటి రెండుసార్లు అన్నాడు. ఎవరూ నమ్మలేదు. డెబ్బై రెండేళ్ళ మనిషి, వయసు మీద పడింది, తనే తీసి ఎక్కడో పెట్టి మరిచిపోయాడన్నారు. కుళాయి స్టుర్లా అని పేరు పడింది. తర్వాత ఆయన కూడా ఆ మాట ఎత్తడం మానేశాడు. కారు నడపడం మానేశాడు. అక్టోబరులో ఆవుల్ని అమ్మేశాడు. లోయలో దొడ్లు పదమూడయ్యాయి.

హాల్బెరా ఫోన్ పెట్టేసి, లారీలోంచి నాలుగు చిన్న నోటుపుస్తకాలు తెచ్చి వంటింటి బల్ల మీద పరిచింది. మూడు నెలలకి ఒకటి. గ్రీజు వేలిముద్రలు, పాల మరకలు, తడిసి ఎండి ఉబ్బిన కాగితాలు. గంటలో తేల్చేద్దామని కాఫీ పోసుకుని కూర్చుంది.

జనవరి చదువుతుండగానే కాఫీ చల్లారింది. ఆమె రాసుకున్నవే, రెండేసి ముక్కలు, ఒక్కోచోట ఒక్క మాట. "గేటు మీద ఫ్లాస్కు. కాఫీ." ఎవరో గేటు రాయి మీద ఆమె కోసం ఫ్లాస్కు పెట్టారన్నమాట. మళ్ళీ నాలుగు రోజులకి అదే మాట. మళ్ళీ. ఊరికే కుతూహలం కొద్దీ గీతలు గీస్తూ పోయింది. డిసెంబరు దాకా నలభై ఒక్క ఫ్లాస్కులు. నలభై ఒక్కసార్లు ఎవరో ఆ చీకట్లో లేచి, కాఫీ కాచి, మంచులో నడిచి వచ్చి పెట్టి పోయారు. ఆమె తాగింది, ఖాళీ ఫ్లాస్కు అక్కడే పెట్టింది, మరిచిపోయింది. "మంచులో దిగబడ్డా, పాస్టరు ట్రాక్టరుతో లాగాడు," అని ఫిబ్రవరిలో ఉంది. "మూడు పిల్లలు వేసిన గొర్రె, ఒక పిల్లని కేబిన్లో పెట్టుకుని తీసుకెళ్ళా, గేర్ రాడ్డు చప్పరించింది," అని మేలో ఉంది. జూన్లో ఒకరోజు, "లోయంతా ఒకేసారి గడ్డి కోస్తున్నారు. అద్దం దించేశా," అని ఉంది. ఆ వాసన వంటింట్లోకి వచ్చినట్టే అనిపించి తలెత్తింది. బయట అయిదు దాటింది, చీకటి పడుతోంది.

ఎవరైనా అడిగితే పోయిన ఏడాది ఏమీ జరగలేదని చెప్పేది. లారీ, రోడ్డు, పాలు అని చెప్పేది. ఇదంతా నేనేనా, ఇంత బతికానా అనుకుంది. దేవుడున్నాడా లేడా అని ఎప్పుడూ పట్టించుకోని మనిషి, ఆ నాలుగు మురికి పుస్తకాల ముందు చర్చిలో కూర్చున్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆనందంగానూ ఉంది, ఎందుకో భయంగానూ ఉంది.

మార్చిని చివరికి అట్టేపెట్టింది. ఎలాగూ తెలిసిందే కదా అని.

"మార్చి 12, బుధవారం. స్టుర్లా దగ్గర మూడు ఇరవై. కేంద్రం నుంచి ఫోను, కనుమ మూసేస్తారట, వెంటనే దిగమన్నారు." దాని కింద గాలి, మంచు, ఇంకేవో రెండు ముక్కలు.

"మార్చి 14. స్టుర్లా పాలు పోయాయి. కేబిన్లో ఎర్ర బిళ్ళ ఒకటి ఉంది. ఎవరిదో అడగాలి."

"మార్చి 20. స్టుర్లా బిళ్ళ దొరకలేదట. ఐస్‌క్రీమ్ డబ్బా మూతకి ఎర్ర రంగు వేసుకున్నాడు. నవ్వొచ్చింది."

మూడూ ఎదురెదురు పేజీల్లో ఉన్నాయి. బిళ్ళలు దొడ్లలో ఉంటాయి. లారీలో ఉండవు. లారీలో ఒకటి ఉందంటే ఏదో దొడ్డిలో ఒకటి లేదు. ఏ దొడ్డిలో లేదో కింద ఆమె చేతిరాతే చెబుతోంది.

అప్పుడు చేతికి గుర్తొచ్చింది. మేకు నుంచి బిళ్ళ తీసింది. ఫోన్ మోగింది. రెండు చేతులూ కావాలి. వానకోటు జేబులో వేసుకుంది. మాట్లాడుతూనే వెళ్ళి లారీ ఎక్కి, కోటు విప్పి కేబిన్లో పడేసింది.

హాల్బెరా లేచి, సింకు దగ్గర కుళాయి తిప్పి, మొహం కడుక్కుని, తుడుచుకోవడం మరిచి అలాగే నిలబడింది. పద్నాలుగో తారీఖున స్టుర్లా తొట్టి పక్కన నిలబడి అన్న మాట గుర్తొచ్చింది. "బిళ్ళ లేదమ్మా. నేను చూశాను." తను అన్న మాట కూడా గుర్తొచ్చింది. "తగిలించాను స్టుర్లా. పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి మరిచానా?" అప్పుడాయన తన అరచేతిని ఒకసారి చూసుకుని, "అయితే నేనే తీసి ఉంటాను," అన్నాడు. ఆ అరచేయి చూసుకోవడం ఆమెకి ఇప్పుడు కనిపించింది.

శుక్రవారం పదమూడు దొడ్లూ పూర్తి చేసుకుని, లారీని స్టుర్లా గేటులోకి తిప్పింది. నాలుగు నెలల్లో ఆ గేటు దాటడం అదే మొదలు. స్టుర్లా చెల్లెలు ఓలోఫ్ వాకిట్లో బూడిద చల్లుతోంది, మంచు మీద కాలు జారకుండా. అన్నాచెల్లెళ్ళిద్దరూ పెళ్ళి చేసుకోలేదు, ఆ ఇంట్లోనే ఉంటారు.

"పాలు లేని ఇంటికి పాల లారీ ఏం పనిమీద వచ్చిందో," అంది ఓలోఫ్, తలెత్తకుండానే.

"స్టుర్లాతో మాట్లాడాలి."

"మాట్లాడు. మా అన్నకి వినపడటం బాగానే ఉంది. మతి ఒక్కటే లేదని మీరంతా తేల్చారుగా. పట్నం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే గడియారం గీయమన్నాడు. గీశాడు. ముల్లు కాస్త వెనక్కి ఉందేం అంటే, మా ఇంట్లో గడియారం అలాగే నడుస్తుంది అన్నాడు. డాక్టరు నవ్వాడు, ఏం లేదు పొమ్మన్నాడు. తను నమ్మితేగా."

స్టుర్లా కొట్టంలో ఉన్నాడు. ఖాళీ కట్టుగొయ్యలు వరసగా, నేల కడిగి ఆరేసినట్టు పొడిగా. ఒక మూల బండరాయి మీద ఎండుచేప పెట్టి సుత్తితో కొడుతున్నాడు, నార నార విడేలా. మర్నాటి విందుకి. కొట్టి, తిప్పి, తోక పట్టుకుని మళ్ళీ కొట్టి. ఆమెని చూసి తలూపి, పని ఆపలేదు.

హాల్బెరా దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. అక్కడికొచ్చేసరికి ఒక్కటీ మిగల్లేదు.

"బిళ్ళ నా జేబులో ఉండిపోయింది స్టుర్లా," అంది. "మార్చి పన్నెండున. నేను తగిలించలేదు. నువ్వు మరిచిపోలేదు. నేనే."

సుత్తి రెండు దెబ్బలు ఇంకా కొట్టింది. తర్వాత ఆగింది.

నోటుపుస్తకం తీసి ఆ రెండు పేజీలూ చూపించింది. ఆయన కళ్ళజోడు కోసం జేబులన్నీ తడుముకుని, నుదుటి మీదే ఉందని తెలుసుకుని, దించి, చదివాడు. చదివినచోటే మళ్ళీ చదివాడు. వేలు పెట్టి "ఎర్ర బిళ్ళ" అన్న మాట దగ్గర ఆపాడు.

"పదకొండు నెలలు," అన్నాడు.

"అవును."

"చెయ్యి కడుక్కుంటే, కడుక్కున్నానా అని మళ్ళీ కడుక్కునేవాణ్ణి. పొయ్యి ఆర్పి పడుకుంటే మళ్ళీ లేచి చూసేవాణ్ణి. దూడ పుడితే ఇది నిన్న పుట్టిందా ఇవాళా అని ఓలోఫ్‌ని అడిగేవాణ్ణి. నాకు తెలుసు ఇవాళే అని. తెలిసి కూడా అడిగేవాణ్ణి." కట్టుగొయ్యల వైపు చూశాడు. "అక్కడ దిమ్మా. దాని పక్కన హుప్పా. లారీ ఎక్కించేటప్పుడు హుప్పా వెనక్కి తిరిగి నన్ను చూసింది."

"నన్ను క్షమించు," అంది హాల్బెరా.

"ఇవాళ కాదు," అన్నాడు స్టుర్లా. కోపంగా అనలేదు, నెమ్మదిగానే అన్నాడు. "ఇన్నాళ్ళూ కోపమంతా నా మీదే పెట్టుకున్నాను. దాన్ని నీవైపు తిప్పాలంటే కాస్త టైం పడుతుంది. తిప్పి, అప్పుడు చూద్దాం."

"రేపు హాల్లో చెప్పమంటావా, అందరి ముందు?"

ఆయన మళ్ళీ సుత్తి అందుకున్నాడు.

"నన్నడక్కు. నాతో చెప్పాల్సింది నాతో చెప్పావు. అక్కడి సంగతి నీది."

ఆమె గుమ్మం దాటుతుంటే వెనక సుత్తి చప్పుడు లేదు. కిటికీలోంచి చూసింది. ఆయన దిమ్మా నిలబడే చోట నిలబడి, కట్టుగొయ్య మీద చెయ్యేసి, నోరు కొంచెం తెరిచి ఎటో చూస్తున్నాడు. ఏడవడం లేదు. ఏదో పెద్ద కొండని మొదటిసారి చూస్తున్నవాడిలా ఉన్నాడు. మనిషికి వాడి మతి వాడికి తిరిగొస్తే మొహం అలా ఉంటుందని హాల్బెరాకి తెలీదు. చూడకూడనిది చూసినట్టు చప్పుడు చేయకుండా లారీ ఎక్కింది.

శనివారం మధ్యాహ్నం హాల్లో బల్లలు సర్దుతూ, మార్చిలో స్టుర్లా వేషం తీసేద్దామంది హాల్బెరా.

"ఎందుకు?" అంది స్వావా.

"పాతబడిపోయింది."

"పాతబడ్డమేమిటి, ఇంకా ఒక్కసారీ ఆడందే. బాల్దుర్ చంపేస్తాడు నన్ను. ఐస్‌క్రీమ్ మూతలు దండ కట్టుకుని మెళ్ళో వేసుకున్నాడు, అద్దం ముందునుంచి కదలడం లేదు."

హాల్బెరా కుర్చీ ఒకటి అటునుంచి ఇటు జరిపింది. మూడొందల కిలోమీటర్లు మంచులో ఒంటరిగా లారీ తోలే మనిషికి నాలుగు మాటలు చెప్పే ధైర్యం లేకపోయింది. పంతొమ్మిదేళ్ళు ఏ గేటు తెరిచినా నమ్మకం అనే మాట ముందు వెళ్ళి, ఆమె తర్వాత వెళ్ళేది. అది పోతే ఏ మొహం పెట్టుకుని ఆ గేట్లు తెరవాలి? "తీసేద్దాం స్వావా, నా మాట విను," అని మాత్రం అంది. స్వావా ఆమె మొహంలోకి ఒకసారి చూసి, ఇంకేం అడక్కుండా కాగితంలో మార్చి మీద అడ్డంగా గీత కొట్టేసింది.

ఏడింటికి హాలు నిండింది. లోయలో కదలగలిగిన ప్రతివాళ్ళూ వచ్చారు. స్టుర్లా వస్తాడని హాల్బెరా అనుకోలేదు. వచ్చాడు, ఎండుచేప పొట్లం పట్టుకుని, ఓలోఫ్ వెనకాల. ఓలోఫ్ చేతిలో అల్లిక సంచి బరువుగా వేలాడుతోంది. ఇద్దరూ తలుపు దగ్గరి బల్ల మీద కూర్చున్నారు.

హాల్బెరా వేదిక మీద నిలబడి చదివింది. జనవరిలో పాస్టరు తన ప్రసంగం ఇంట్లో మరిచి పేలాలు వేయించే పద్ధతి చెప్పిన సంగతి. ఫిబ్రవరిలో స్వావా తన బడికి తనే తాళం వేసుకుని లోపల ఉండిపోయిన సంగతి. హాలు పగలబడి నవ్వింది. తర్వాత ఆమె ఏప్రిల్ అంది.

"ఏయ్, మార్చేదీ?" అని బాల్దుర్ కింది నుంచి అరిచాడు. కింది దొడ్డి గొర్రెల రైతు, మంచివాడే, నోరే ఊరుకోదు. వేషం కొట్టేశారన్న ఉక్రోషంతో ఉన్నాడు. "మార్చిలో పాలు పోయినట్టు మార్చే పోయిందా? స్టుర్లా, నీకైనా గుర్తుందా, లేక మార్చి ఎక్కడ పెట్టావో మరిచావా?"

నవ్వులు లేచాయి. స్టుర్లా నోట్లో చేప నమిలి, మింగి, లేచి నిలబడ్డాడు.

"మార్చిలో ఏ రోజు?" అన్నాడు.

"అబ్బో. ఏదైనా పర్లేదా?"

"పర్లేదు. మార్చే అక్కర్లేదు."

"అయితే ఏప్రిల్ తొమ్మిది," అన్నాడు బాల్దుర్, నోటికొచ్చిన తారీఖు.

స్టుర్లా కళ్ళు మూసుకోలేదు, నుదురు పట్టుకోలేదు. "బుధవారం," అన్నాడు. "పొద్దున వడగళ్ళు, తర్వాత ఎండ. పదింటికి నువ్వు మా కంచె దగ్గర ట్రాక్టరు ఆపి, చక్రం చాటున పని కానిచ్చుకుని, తలెత్తి నన్ను చూసి, ఏమీ ఎరగనట్టు చెయ్యి ఊపావు. నేనూ ఊపాను."

హాలు విరగబడి నవ్వింది. బాల్దుర్ కూడా నవ్వాడు, మొహం ఎర్రబడింది. ఓలోఫ్ సంచిలోంచి బడిపిల్లలు రాసుకునే నోటుపుస్తకం ఒకటి తీసి, పేజీ తిప్పి, "సరిగ్గానే చెప్పాడు," అంది, బళ్ళో అమ్మగారిలా. "చెయ్యి ఊపడం కూడా ఉంది. పాలు పోయిన మర్నాటి నుంచీ ప్రతి రోజూ రాస్తున్నాడు. మతి పోతోందిట, పోయేలోపు పట్టుకోవాలిట. రోజూ పొద్దున పుస్తకం నేను పట్టుకుంటాను, అన్న అప్పజెబుతాడు. మొదట వారం. తర్వాత నెల. ఇప్పుడు ఎక్కడ వేలు పెడితే అక్కడ."

"జూన్ ఏడు," అని ఎవరో అరిచారు.

"శనివారం. కొండమీద నుంచి గొర్రెలు దిగొచ్చి పాస్టరు తోటలో ఉల్లికాడలు తినేశాయి. పాస్టరు తిట్టిన తిట్టు రాసుకున్నాను గానీ చెప్పను."

పాస్టరు చేతులు జోడించాడు. మళ్ళీ నవ్వులు. ఇంకో తారీఖు, ఇంకోటి. ఒకావిడ తన మనవడు నడిచిన రోజు అడిగింది. ఆ రోజు ఆ పిల్లాడు ఎవరి ప్యాంటు పట్టుకుని లేచి నిలబడ్డాడో చెప్పాడు. ఓ పది తారీఖులు అడిగాకో ఎప్పటికో నవ్వులు తగ్గాయి. జనం చేతిలో గ్లాసులు కింద పెట్టారు. ఎవరికి వాళ్ళు, ఆ రోజు నేనేం చేశానా అని వెతుక్కుంటున్నారు, దొరకడం లేదు. ఆ ఏడాదంతా వాళ్ళు పారబోసుకున్న రోజులు ఒక్క మనిషి దగ్గర, కుళాయి స్టుర్లా దగ్గర, చుక్క పోకుండా ఉన్నాయి.

"ఆగస్టు ఇరవై రెండు," అంది ఒక గొంతు.

అడిగింది ఆల్దీస్. ఆ తారీఖు ఏమిటో హాల్లో అందరికీ తెలుసు. ఆ మధ్యాహ్నం ఆల్దీస్ తల్లి వంటింట్లో కుర్చీలోనే పోయింది. ఆల్దీస్ అప్పుడు పట్నంలో ఉంది.

స్టుర్లా ఈసారి కొంచెం ఆగాడు. మరిచిపోయి కాదు.

"శుక్రవారం. పొద్దున చర్చి కప్పు దాకా పొగమంచు. పదకొండుకి విడిపోయింది. పదకొండున్నరకి మీ అమ్మ మా గేటు దగ్గర ఆగింది. చేతిలో బకెట్టు, నీలం బెర్రీ పళ్ళు కోసుకొస్తోంది. నీలం స్వెట్టరు, మోచేతి దగ్గర కుట్టు ఊడింది. ఈ ఏడు కాయలు చిన్నవి గానీ తీపి అంది. గుప్పెడు పెట్టింది నాకు. ఇంకో గుప్పెడు పెట్టబోయి మానేసింది. ఆదివారం ఆల్దీస్ వస్తుంది, దానికి పాన్‌కేకుల్లోకి ఉంచాలి అంది. వెళ్తూ ఏదో పాట కూనిరాగం తీసింది. ఏ పాటో నాకు తెలీలేదు. తెలీలేదని రాసుకున్నాను."

ఆల్దీస్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ బకెట్టు బల్ల మీద ఉంది," అంది, వేళ్ళ మధ్యనుంచి. "ఎవరికోసమో తెలీలేదు మాకు."

ఆ హాల్లో నలభై ఏళ్ళుగా విందులు చూశాను, అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు.

అప్పుడు బాల్దుర్ లేచాడు. మెళ్ళో మూతల దండ ఎప్పుడు తీసేశాడో తీసేశాడు. "స్టుర్లా," అన్నాడు, ఎకసెక్కం లేదు గొంతులో. "మార్చి పన్నెండు చెప్పు. అసలేం జరిగింది ఆ రోజు?"

హాల్బెరా వేదిక మీది బల్ల అంచు పట్టుకుంది.

"నా పుస్తకం పదమూడున మొదలైంది," అన్నాడు స్టుర్లా. "పన్నెండు నా దగ్గర లేదు."

ఆయన కూర్చున్నాడు. వేదిక వైపు చూడలేదు. ఎండుచేప మీద వెన్న రాసుకోవడం మొదలుపెట్టాడు, అంచుల దాకా, జాగ్రత్తగా. ఆయనకి తెలుసు. ఒక్క మాట అంటే చాలు, పదకొండు నెలల పేరు పోతుంది. అనలేదు. ఆ సంగతి హాల్లో ఉన్నవాళ్ళలో ఇద్దరికే తెలుసు, ఒకరు వెన్న రాస్తున్నారు. ఇంత పెద్దమనిషి పక్కన ఇన్నేళ్ళు లారీ ఆపి పాలు లాక్కుపోయానా అనుకుంది హాల్బెరా. భయం పోయిందని చెప్పను.

"నా దగ్గరుంది," అంది.

అందరూ వేదిక వైపు తిరిగారు. తనతో తెచ్చుకున్న నాలుగు పుస్తకాల్లోంచి మొదటిది తీసింది, పేజీ వెతుక్కుంది.

"మార్చి పన్నెండు, బుధవారం. స్టుర్లా దగ్గర మూడు ఇరవై," అని చదివింది. తర్వాత పుస్తకంలో లేనిది చెప్పింది. "కడిగే యంత్రం నొక్కి, బిళ్ళ మేకు మీంచి తీశాను. ఫోన్ వచ్చింది, కనుమ మూసేస్తున్నారని. బిళ్ళ నా జేబులో వేసుకున్నాను. స్విచ్చికి తగిలించలేదు. వెళ్ళిపోయాను. పద్నాలుగున అది నా లారీలో కనిపించింది, ఎవరిదో అనుకున్నాను. స్టుర్లా ఏమీ మరిచిపోలేదు. ఆయన లేదన్నది నిజంగా లేదు. ఆయన మొహం మీదే నేను తగిలించానన్నాను. ఆవులు పోయింది నా వల్ల."

స్వావా కళ్ళు నేలకి దించుకుంది. బాల్దుర్ నిలబడ్డవాడు అలాగే నిలబడి, కూర్చోవడం ఎలాగో తెలియనట్టు కుర్చీ వీపు పట్టుకున్నాడు. వెనక బల్లలో ఒక రైతు అన్నాడు, ఎవరితోనో కాదు, "మనం నవ్వాం కదా, ఆయన్ని చూసి."

స్టుర్లా చేతులు తుడుచుకుని, చెల్లెలి సంచిలో వెతికాడు. అన్నిటికంటే అడుగున ఉన్న పుస్తకం తీశాడు. దాని మొదటి పేజీ మీద మార్చి పదమూడు ఉంది. దానికి ముందు అట్ట లోపలి వైపు ఖాళీగా ఉంది. అది తెరిచి బల్ల మీద పెట్టి, పెన్సిలు నాలుక మీద తడిచేసుకున్నాడు.

"గాలి ఎటునుంచి?" అన్నాడు.

హాల్బెరాకి మొదట అర్థం కాలేదు. తర్వాత పుస్తకంలోకి చూసింది. అక్షరాలు అలుక్కుపోయి కనిపించాయి, మణికట్టుతో కళ్ళు తుడుచుకుంది.

"ఈశాన్యం. మంచు అడ్డంగా కొడుతోంది."

"ఊఁ."

"దిమ్మాకి జలుబు. స్టుర్లా దాని మీద తన కోటు కప్పాడు."

పెన్సిలు ఆగింది. మళ్ళీ కదిలింది.

"స్టుర్లా టార్చి పట్టుకుని గేటు దాకా వచ్చాడు. లారీ మలుపు తిరిగేదాకా..."

"నెమ్మదిగా, హాల్బెరా," అన్నాడు స్టుర్లా, తల వంచుకునే. "ఆ రోజు నాకు మొత్తం కావాలి."

ఆమె మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది.